డిమార్కేషన్: హద్దులు చూపించే మాటను అర్థం చేసుకుని సరిగా వాడడానికి సమగ్ర మార్గదర్శి

పొలం కొలిపించుకోవాలని దరఖాస్తు పెట్టిన రైతుకు వచ్చే నోటీసులోనూ, రెండు దేశాల చర్చల వార్తలోనూ, ఒక సంస్థలో ఎవరి పని ఎంతవరకో చెప్పే పత్రంలోనూ ఒకే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. ఆ మాట డిమార్కేషన్. మన పత్రికలలోనూ అనువాదాలలోనూ దీనిని చాలాసార్లు ‘సరిహద్దుల విభజన’ అని రాస్తున్నారు. ఈ అనువాదం పాఠకుడిని పక్కదారి పట్టిస్తుందని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే విభజన జరిగిపోయిన చాలా ఏళ్ళకు కూడా డిమార్కేషన్ జరగకపోవచ్చు, అసలు ఏ విభజనా లేనిచోట కూడా డిమార్కేషన్ అవసరం కావచ్చు. భూమి విషయంలో ఈ తేడా తెలియకపోతే కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. దేశాల విషయంలో సైన్యాలు ఎదురెదురుగా నిలబడతాయి. కాబట్టి ఈ మాటను మూలం నుంచి మొదలుపెట్టి, దాని ఇరుగుపొరుగు మాటల నుంచి వేరుచేసి, తెలుగులో ఎక్కడ ఏ మాట పెట్టాలో తేల్చుకుంటూ క్రమంగా వెళదాం.

మొదటి మెట్టు: మాట లోపల ఉన్న గుర్తును చూడండి

డిమార్కేషన్ అనే మాట నడుమ ‘మార్క్’ ఉంది. అర్థమంతా అక్కడే ఉంది. గుర్తు పెట్టి చూపించడం దీని ప్రాణం. ముందున్న ‘డి’ని చూసి కొందరు పొరబడతారు; డీమానిటైజేషన్ వంటి మాటలలో ఆ ఉపసర్గ ఉన్నదాన్ని తీసివేయడాన్ని సూచిస్తుంది గనుక, డిమార్కేషన్ అంటే గుర్తులు చెరిపివేయడమేమో అనుకుంటారు. ఇక్కడ ఆ ఉపసర్గకు అటువంటి పని లేదు. ఒకదాని నుంచి మరొకటి వేరుగా కనిపించేలా గుర్తించడం అనే భావానికే అది తోడ్పడుతుంది.

ఈ మాట ఇంగ్లీషులోకి స్పానిష్ భాష నుంచి వచ్చింది. 1493లో పోప్ ఆరవ అలెగ్జాండర్, కొత్తగా కనుగొన్న భూములపై స్పెయిన్, పోర్చుగల్ తగవు పడకుండా అట్లాంటిక్ సముద్రం మీద ఉత్తర దక్షిణాలుగా ఒక రేఖను నిర్దేశించాడు. మరుసటి సంవత్సరం తోర్దెసీయాస్ ఒప్పందంలో ఆ రేఖను కేప్ వెర్డీ దీవులకు పడమరగా 370 లీగుల దూరానికి జరిపారు. దానినే ‘లైన్ ఆఫ్ డిమార్కేషన్’ అన్నారు. నేటికీ ఇంగ్లీషులో ఎక్కువగా వినిపించే పదబంధం అదే. నీటి మీద గుర్తు పెట్టలేరు కదా అనే సందేహం న్యాయమైనదే. ఆ రేఖ కచ్చితంగా ఎక్కడ పడుతుందో ఆ కాలపు నావికులు కొలవలేకపోవడం వల్లనే తరువాతి తగవులు పుట్టాయి.

‘మార్క్’ అనే జెర్మానిక్ ధాతువుకు తొలినాటి అర్థమే హద్దు, ఎల్ల అని. డెన్మార్క్ పేరులోని చివరి భాగం ఆ ఎల్ల ప్రాంతాన్నే సూచిస్తుంది. హద్దు అన్న అర్థం నుంచి హద్దు మీద పెట్టిన గుర్తు అన్న అర్థం, దాని నుంచి ఏ గుర్తయినా సరే అన్న అర్థం వచ్చాయి. గుర్తులేని హద్దును ఆ భాషలు ఊహించలేదనుకోవచ్చు. మన పల్లెలలోనూ అంతే. పొలిమేర అనగానే మనసుకు తట్టేది ఒక గీత కాదు, ఒక రాయో, చెట్టో, గ్రామదేవత గుడో.

రెండవ మెట్టు: నాలుగు మాటలను విడివిడిగా పట్టుకోండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. పార్టిషన్, డీలిమిటేషన్, డెలినియేషన్, డిమార్కేషన్ అనే నాలుగు మాటలూ తెలుగులోకి వచ్చేసరికి ‘విభజన’ అనే ఒకే గంపలో పడిపోతున్నాయి.

పార్టిషన్ అంటే ఒకటిగా ఉన్నదాన్ని భాగాలు చేయడం, అంటే పంపకం. అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడమూ పార్టిషనే, 1947లో దేశం రెండు కావడమూ పార్టిషనే. ఇందులో ప్రశ్న ఎవరికి ఎంత అనేది.

డీలిమిటేషన్ అంటే ఆ భాగాల మధ్య హద్దు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో మాటలలోనో, పటం మీదనో నిర్ణయించడం. బ్రిటిష్ న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జూలైలో భారతదేశానికి వచ్చి ఐదు వారాలలో పంజాబు, బెంగాల్ ప్రాంతాలకు చేసిన పని ఇదే; ఆ నిర్ణయం ఆగస్టు 17న వెలువడింది. ఆయన నేల మీద ఒక్క స్తంభమైనా నాటించలేదు. మనకు నిత్యం వినిపించే మరో డీలిమిటేషన్ నియోజకవర్గాలది. ఏ ఊరు ఏ నియోజకవర్గంలోకి వస్తుందో జాబితాలో రాస్తారే గాని నియోజకవర్గానికి ఎవరూ రాళ్ళు పాతరు. అందుచేత ‘నియోజకవర్గాల డిమార్కేషన్’ అని రాయడం పొరపాటు. అక్కడ డీలిమిటేషన్ అనాలి, తెలుగులో నియోజకవర్గాల పునర్విభజన అనే మాట ఇప్పటికే స్థిరపడింది.

డెలినియేషన్ అంటే నిర్ణయించిన హద్దును పటం మీద వివరంగా గీయడం. 1972 సిమ్లా ఒప్పందం తరువాత జమ్మూ కశ్మీర్‌లో నియంత్రణ రేఖను రెండు దేశాల సైనికాధికారులు పటాలపై ఇలాగే గీసి, ఆ పటాలను పరస్పరం అంగీకరించారు. ఆ గీత ఎన్‌జె 9842 అని పిలిచే బిందువు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి హిమానీనదాల వైపు ఉత్తరంగా పోతుందని 1949 కరాచీ ఒప్పందంలోని మాటలే చెబుతున్నాయి తప్ప పటం మీద గీత లేదు. ‘ఉత్తరంగా’ అన్న ఆ ఒక్క మాటకు ఇరు దేశాలు చెప్పుకున్న భిన్నమైన అర్థాలే 1984లో సియాచిన్ మంచు మీదికి సైన్యాలను నడిపించాయి. సియాచిన్ గురించి ‘డిమార్కేషన్ వివాదం’ అని రాసేవారు ఒక మెట్టు ముందుకు దూకుతున్నారు. అక్కడ గీయడమే పూర్తికాలేదు, నాటడం మాట తరువాత.

ఇక డిమార్కేషన్. నిర్ణయమైన హద్దును నేల మీదికి దించి, స్తంభాలతో, రాళ్ళతో, కంచెతో కంటికి కనిపించేలా చేయడం ఇది. దీనిని చూడడానికి భారత బంగ్లాదేశ్ సరిహద్దు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ భూసరిహద్దు పొడవు 4,096 కిలోమీటర్లు. 1974లో కుదిరిన ఒప్పందం ప్రకారం దాదాపు అంతటా హద్దు గుర్తించగలిగారు గాని, పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం రాష్ట్రాలలో ఒక్కొక్క చోట చొప్పున, అన్నీ కలిపి 6.1 కిలోమీటర్లు మాత్రం దశాబ్దాల తరబడి గుర్తు పడకుండా మిగిలిపోయాయి. 2011లో జరిగిన అదనపు ఒప్పందం ఆ కొద్ది దూరం సంగతి తేల్చింది. 2015లో ఒక దేశపు నేల నడుమ చిక్కుకున్న మరో దేశపు చిట్టి భూభాగాలు, భారతదేశం తరఫున 111, బంగ్లాదేశ్ తరఫున 51, పరస్పరం చేతులు మారాయి. ఆ మార్పిడిని మాత్రం డిమార్కేషన్ అనకూడదు, అది భూభాగాల మార్పిడి. ఒకే ఒప్పందంలో రెండు పనులూ ఉన్నందువల్ల అప్పటి వార్తలలో వీటిని కలిపేయడం జరిగింది.

ఈ నాలుగు పనులూ వరుసగా జరగాలనే నియమం ఉన్నా, మధ్యలో ఆగిపోవడం తరచు జరుగుతుంది. ఎరిట్రియా, ఇథియోపియా మధ్య సరిహద్దు సంఘం 2002 ఏప్రిల్‌లో హద్దును నిర్ణయించింది. అంటే డీలిమిటేషన్ పూర్తయింది. నేల మీద స్తంభాలు నాటడానికి పరిస్థితులు అనుకూలించకపోవడంతో, ఆ స్తంభాలు ఎక్కడ ఉండాలో అక్షాంశ రేఖాంశాల జాబితా ఇచ్చి, 2007లో ఆ సంఘం తన పని ముగించింది. కాగితం మీద పెట్టిన ఆ గుర్తులనూ డిమార్కేషన్ అనే పిలిచారు. మాటను అంతదూరం సాగదీయవచ్చా అనే చర్చ న్యాయవేత్తలలో సాగింది. నా మటుకు నాకు, చూడడానికి వీలులేని గుర్తును గుర్తు అనడం కష్టమనిపిస్తుంది.

మూడవ మెట్టు: భూమి విషయంలో మన మాటనే వాడండి

డిమార్కేషన్‌కు తెలుగు మాట లేదనే ఫిర్యాదు తరచు వింటాను. ఊళ్ళో ఎవరినైనా అడగండి. ‘సర్వేయరు వచ్చి హద్దులు చూపించాడు’, ‘కొలిపించి రాళ్ళు వేయించుకున్నాం’ అంటారు. హద్దులు చూపించడం, హద్దురాళ్ళు పాతించడం అనేవే డిమార్కేషన్‌కు అచ్చమైన తెలుగు. ఆఫీసు భాష కావాలనుకుంటే ‘హద్దుల గుర్తింపు’ అనవచ్చు. ‘హద్దుల నిర్ధారణ’ అనే మాటను కొందరు వాడుతున్నారు గాని, నిర్ధారణ అంటే తేల్చి చెప్పడం గనుక అది డీలిమిటేషన్‌కు దగ్గరగా పోతుంది.

హద్దు, సరిహద్దు అనేవి అరబ్బీ, పారశీ మూలాల నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరిన మాటలు. ఎల్ల మన సొంత మాట. ఊరికి పొలిమేర, రాజ్యానికి సరిహద్దు, పొలానికి హద్దు లేదా గట్టు అనే తేడాను మన భాష శ్రద్ధగా పాటిస్తుంది. తెలంగాణలో గట్టునే గెట్టు అంటారు. ‘గెట్టు పంచాయితీ’ అన్న మాట తెలియని పల్లె ఉండదు. దస్తావేజులలో నాలుగు దిక్కుల హద్దులను చెక్కుబందీ అని రాసే అలవాటు కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో ఉంది. గమనించవలసింది ఏమిటంటే, చెక్కుబందీలో ‘తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పుంత, పశ్చిమం కాలువ’ అని రాయడం మాటలలో చేసిన డీలిమిటేషన్ మాత్రమే. కాలువ జరిగినా, పుంత దున్నేసినా ఆ రాత అలాగే ఉంటుంది, నేల మారిపోతుంది.

మా బంధువుల ఇంట ఇది కళ్ళారా చూశాను. ఇద్దరు అన్నదమ్ములు పంపకాల దస్తావేజు రాయించుకుని, రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుని, ఇరవై ఏళ్ళపాటు ఒకే గట్టున నడుస్తూ సేద్యం చేశారు. రాళ్ళు మాత్రం వేయించలేదు, మనలో మనకు రాళ్ళేమిటి అనుకున్నారు. తరం మారగానే పిల్లలు తలా ఒక కొలత చెప్పారు. వారికి పార్టిషన్ ఉంది, డీలిమిటేషన్ ఉంది, లేనిది డిమార్కేషన్ ఒక్కటే.

కాబట్టి ఈ మాటను దరఖాస్తులో వాడవలసి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో తెలిసి వాడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ భూమి కొలతలకు 1923 నాటి సర్వే, హద్దుల చట్టమే పునాదిగా నిలిచింది. అది మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చింది. హద్దులు చూపించమని మీసేవలో పెట్టే దరఖాస్తును ‘ఎఫ్ లైన్’ దరఖాస్తు అని పిలుస్తారు. ఎఫ్ అంటే ఫీల్డు. ఒక సర్వే నంబరు చుట్టూ ఉన్న హద్దు గీతలకు పటంలో ఆ పేరు. దరఖాస్తు వచ్చాక చుట్టుపక్కల రైతులకు ముందుగా నోటీసు ఇస్తారు. సర్వేయరు ఆ సర్వే నంబరు కొలతల పటం నకలు తెచ్చుకుంటాడు. ఆంధ్ర ప్రాంతంలో దానిని ఎఫ్ఎంబి అంటారు, తెలంగాణలో పాత నిజాం కాలపు రికార్డును టిప్పన్ అంటారు. కదలకుండా మిగిలిన పాత రాళ్ళను వెతికి, వాటి నుంచి కొలుచుకుంటూ వచ్చి, పోయిన రాళ్ళ స్థానాలను తిరిగి గుర్తిస్తాడు. హాజరైన వారి ఎదుట పంచనామా రాస్తాడు. పూర్వం ఆంధ్ర ప్రాంతంలో ఈ కొలత 66 అడుగుల గొలుసుతో జరిగేది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇప్పుడు ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వచ్చాయి గాని, పాత రాయి దొరకడం ఇప్పటికీ అంతే ముఖ్యం.

ఇక్కడ వాడుకలో జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి ఉంది. ‘డిమార్కేషన్ చేయించుకున్నాను గనుక భూమి నాదే’ అనే వాక్యం చట్టం దృష్టిలో నిలవదు. హద్దు చూపించడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. హక్కు గురించిన తగవు సివిల్ కోర్టు తేల్చవలసినది. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. అందువల్ల దస్తావేజులో ‘రెండెకరాల ఇరవై సెంట్లు’ అని రాసుకోవడంతో సరిపెట్టుకోకుండా, ఆ హద్దులు నేల మీద కనిపించేలా చూసుకోవడం అవసరం. తెలంగాణలో ఇదే విస్తీర్ణాన్ని గుంటలలో చెబుతారు, నలభై గుంటలు ఒక ఎకరం. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు.

నాలుగవ మెట్టు: ఇంగ్లీషు వాక్యంలో కూర్చడం

ఇంగ్లీషులో రాసేవారికి ఈ మాట మూడు రూపాలలో ఎదురవుతుంది. క్రియ డీమార్కేట్, నామవాచకం డిమార్కేషన్, విశేషణంగా వాడే డీమార్కేటెడ్. బ్రిటిష్ ఉచ్చారణలో క్రియను పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద, నామవాచకంలో ‘కే’ మీద పడుతుంది.

క్రియకు కర్మగా హద్దు రావచ్చు, హద్దు లోపలి స్థలం కూడా రావచ్చు. ‘దే డీమార్కేటెడ్ ద బౌండరీ’ అన్నా, ‘దే డీమార్కేటెడ్ ద ప్లాట్’ అన్నా సరైనదే. ఒకదాని నుంచి మరొకటి వేరుచేసి చెప్పేటప్పుడు ‘ఫ్రమ్’ వస్తుంది. రెండింటి నడుమ అనేటప్పుడు నామవాచకం తరువాత ‘బిట్వీన్’ వస్తుంది. ‘డీమార్కేట్ ఇంటు టూ పార్ట్స్’ అని రాయడం మన వాళ్ళలో ఎక్కువగా కనిపించే తప్పు. రెండు భాగాలు చేయడం అనే అర్థానికి డివైడ్ అనే మాట ఉంది. డీమార్కేట్‌కు ఆ పని అప్పగించకూడదు. ‘విభజన’ అనే అనువాదాన్ని మనసులో పెట్టుకోవడం వల్లనే ఈ తప్పు వస్తోంది.

నామవాచకానికి ముందు క్లియర్, షార్ప్, స్ట్రిక్ట్ వంటి మాటలు సహజంగా ఇమిడిపోతాయి. సంస్థ పేరుగానో స్థలం పేరుగానో వచ్చినప్పుడు తెలుగులో దానిని అనువదించకుండా ఉంచడం మేలు. కొరియాలో 1953 జూలై 27న జరిగిన యుద్ధ విరమణతో ఏర్పడిన ‘మిలిటరీ డిమార్కేషన్ లైన్’ అటువంటిది. ఆ రేఖకు అటు ఇటు రెండేసి కిలోమీటర్ల మేర సైన్యరహిత ప్రాంతం ఉంటుంది. వార్తలలో ఈ రెండింటినీ ఒకటిగా రాయడం చూస్తుంటాం. రేఖ ఒకటి, దాని చుట్టూ ఉన్న పట్టీ మరొకటి.

అయిదవ మెట్టు: నేల లేనిచోట ఈ మాట ఏం చేస్తుంది

అధికారాలు, విధులు, శాస్త్రాలు వంటి కంటికి కనిపించని వాటి మధ్య కూడా డిమార్కేషన్ అంటారు. బ్రిటన్‌లో ఓడలు కట్టే రేవులలో, ఒక పని ఏ వృత్తి వారిది అనే విషయమై కార్మిక సంఘాల మధ్య వచ్చిన తగాదాలను డిమార్కేషన్ వివాదాలు అనేవారు. ఇక్కడ తెలుగులో ‘పనుల హద్దు’ అంటే చక్కగా సరిపోతుంది. వైద్యంలో, రక్తప్రసరణ ఆగి కుళ్ళిన కణజాలానికీ బతికి ఉన్న దానికీ మధ్య స్పష్టంగా ఏర్పడే గీతను లైన్ ఆఫ్ డిమార్కేషన్ అంటారు; అక్కడ ఆ గుర్తును శరీరమే పెడుతుంది గనుక ఈ మాట అక్షరాలా నిజమవుతుంది. తత్త్వశాస్త్రంలో కార్ల్ పాపర్, విజ్ఞానశాస్త్రాన్ని విజ్ఞానశాస్త్రం కానిదాని నుంచి ఎలా వేరుపరచాలి అన్న ప్రశ్నను డిమార్కేషన్ సమస్య అన్నాడు. తప్పని నిరూపించడానికి అవకాశం ఉన్న సిద్ధాంతమే శాస్త్రీయం అన్నది 1934 నాటి ఆయన గ్రంథంలోని ప్రతిపాదన. దీనికి తెలుగులో విభజన సమస్య అంటే ఏమీ బోధపడదు, ‘ఎల్ల గుర్తింపు సమస్య’ అంటే కొంత దగ్గరకు వస్తాం.

ఇటువంటి చోట్ల లక్ష్మణరేఖ అనే మాటను తెచ్చి పెట్టే అలవాటు మనకు ఉంది. అది పొసగదు. లక్ష్మణరేఖ దాటకూడని గీత. అందులో నిషేధం ఉంది, అపాయం ఉంది, గీత ఒకరి రక్షణ కోసం గీసినది. డిమార్కేషన్‌లో ఇరుపక్కలా ఎవరో ఒకరు ఉంటారు, ఇద్దరికీ తమ తమ స్థలం ఉంటుంది, గీత ఇద్దరికీ సమానంగా చెందుతుంది. ‘శాసన వ్యవస్థకూ న్యాయ వ్యవస్థకూ మధ్య లక్ష్మణరేఖ’ అన్నప్పుడు దాటవద్దని హెచ్చరిస్తున్నాం; ‘డిమార్కేషన్’ అన్నప్పుడు ఎవరి అధికారం ఎంతవరకో చెబుతున్నాం. రాసేవారు తమకు కావలసింది హెచ్చరికా, వివరణా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఆరవ మెట్టు: ఒక నిజమైన ఉదాహరణ మీద సరిచూసుకోండి

ఇప్పటివరకు చెప్పినదంతా ఒక్క చోట ప్రయోగించి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు వైపు కొండలలో, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకు ఆనుకుని కొటియా గ్రామాలున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అక్కడి 21 గ్రామాలు సర్వే కాకుండా మిగిలిపోయాయి. 1968లో వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, యథాతథ స్థితి కొనసాగించాలని కోర్టు చెప్పింది. అక్కడి గిరిజనులలో చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఎన్నికలప్పుడు రెండు పక్కల నుంచీ అధికారులు వస్తారు.

దీని గురించి ‘కొటియా గ్రామాల విభజన వివాదం’ అని ఒక వాక్యం మీ ముందుకు వచ్చిందనుకోండి. మొదట, పంపకం గురించిన తగవా అని అడగండి. కాదు, ఆ గ్రామాలను సగం సగం పంచమని ఎవరూ అడగడం లేదు. తరువాత, హద్దు ఎటు పోవాలో నిర్ణయమైందా అని అడగండి. అదే తేలలేదు; రెండు రాష్ట్రాలూ తమ తమ పాత పత్రాలను చూపుతున్నాయి. ఆపైన, గుర్తులు నాటారా అని అడగండి. నిర్ణయమే లేనప్పుడు నాటడానికి ఏమీ ఉండదు. కాబట్టి దీనిని ‘డిమార్కేషన్ వివాదం’ అనడం కూడా సగం నిజమే. ‘కొటియా గ్రామాల మీదుగా రెండు రాష్ట్రాల హద్దు ఎటు పోతుందో ఇంకా తేలలేదు, అందువల్ల అక్కడ హద్దురాళ్ళు పడలేదు’ అని రాస్తే వాక్యం కొంచెం పొడవవుతుంది గాని, చదివినవారికి ఏ పని ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.